బ్రాస్‌టౌన్ కొలిమిశాల: వారం రోజుల కమ్మరపు శిక్షణ, ఒక పెద్దాయన ఆదరణ

ఉత్తర కరొలినా రాష్ట్రానికి పడమటి కొసన, అపలాచియన్ కొండల నడుమ, బ్రాస్‌టౌన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్‌లో కమ్మరం నేర్చుకోవడానికి వెళ్లవచ్చా, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కుతుందా అని అట్లాంటా ప్రాంతపు తెలుగు మిత్రులు కొందరు నన్ను అడుగుతూ వచ్చారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి అన్నదే నా జవాబు. ఆ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకున్న కారణాలలో మొదటిది, అక్కడి కొలిమిశాలలో ఏళ్ల తరబడి కొత్తవారిని చేరదీస్తూ వస్తున్న ఒక పెద్దాయన. ఆయన పేరు నేను ఇక్కడ రాయను. పేరు బయటపడాలన్న కోరిక ఆయనకు ఏ కోశానా లేదు. ఆయన చేసే పని గురించి మాత్రం వివరంగా రాయడం నా విధి అనుకుంటున్నాను.

ముందుగా పాఠశాల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ పెద్దాయన తీరు ఆ నేలలోంచి వచ్చినదే. అపలాచియన్ కొండ ప్రాంతపు జనజీవనాన్ని అధ్యయనం చేస్తూ తిరిగిన జాన్ సి. క్యాంప్‌బెల్ 1919లో మరణించగా, ఆయన భార్య ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, ఆమె స్నేహితురాలు మార్గరీట్ బట్లర్ కలిసి 1925లో ఈ పాఠశాలను స్థాపించారు. డెన్మార్క్‌లో రైతు కుటుంబాల యువతీయువకులు చదువుకునే జానపద పాఠశాలలను వారు స్వయంగా చూసి వచ్చి, ఆ పద్ధతిని ఇక్కడ నాటారు. బ్రాస్‌టౌన్ ప్రజలు భూమి ఇచ్చారు, కలప ఇచ్చారు, కాయకష్టం చేశారు. ఇక్కడ పరీక్షలు లేవు, మార్కులు లేవు, ఒకరి పనిని మరొకరి పనితో పోల్చి పెద్దచిన్నలు నిర్ణయించడం లేదు. పొద్దున్నే అందరూ ఒకచోట చేరి పాటలు పాడుకుని, కథలు విని, ఫలహారం చేసి, ఎవరి కార్యశాలకు వారు వెళతారు. కుండలు చేసేవారు, నేతపని వారు, చెక్కపని వారు, వంట నేర్చుకునేవారు ఒకే భోజనశాలలో పక్కపక్కన కూర్చుంటారు. పోటీ లేని చదువు అనే మాట మనం చాలాచోట్ల వింటాం. కొలిమి ముందు నిలబడినప్పుడు దాని విలువ ఒంటికి తెలుస్తుంది, ఎందుకంటే భయపడే చేతిలో సుత్తి సరిగా ఆడదు.

కొలిమిశాలకు క్లే స్పెన్సర్ పేరు పెట్టారు. అలబామాకు చెందిన ఈ కమ్మరి పేరు వినగానే అమెరికాలో ఇనుపపని చేసేవారందరికీ టైరు సమ్మెట గుర్తుకు వస్తుంది. కారు డిక్కీలో పెట్టుకునే సన్నని అదనపు టైరును ఒక చిన్న విద్యుత్ మోటారుతో తిప్పి, కాలితో పెడల్ నొక్కగానే సుమారు 23 కిలోల బరువున్న సమ్మెట పైకి కిందికి వేగంగా కొట్టుకునేలా చేసే యంత్రం అది. దాని తొలి రూపం రే క్లాంట్జ్ అనే మరో కమ్మరిది. స్పెన్సర్ ఆ నమూనాకు కొలతలతో సహా పటాలు గీసి అందరికీ అందుబాటులో ఉంచడమే కాక, ఊరూరా శిబిరాలు పెట్టి, పదిమంది కలిసి యంత్రాలు తయారుచేసుకుని ఎవరిది వారు ఇంటికి తీసుకుపోయేలా చేశారు. ఫ్యాక్టరీ యంత్రం కొనలేని సామాన్యుడికి కూడా సమ్మెట బలం దక్కింది. అటువంటి మనిషి పేరును ఒక బోధనాశాలకు పెట్టడం ఎంతో సముచితమని నా అభిప్రాయం.

శాల విశాలంగా, గాలి వెలుతురు ధారాళంగా వచ్చేటట్టు ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలిమి, దాని ఎదుట ఇనుమును పెట్టి కొట్టే దాగలి ఒకటి, చేతికందే దూరంలో సుత్తులు, పట్టుకార్లు, నీళ్ల తొట్టి. మండించేది రాక్షసిబొగ్గు. పరికరాల నాణ్యత గురించి ఇంతకంటే రాయనక్కర లేదు. కొత్తగా నేర్చుకునేవాడి అవసరానికి మించినవే ఉన్నాయి. ఇక్కడ బోధకులు వారం వారం మారుతుంటారు. ఒక వారం కత్తులు చేసేవారు, మరో వారం తలుపు గడియలు, దీపస్తంభాలు చేసేవారు, ఇంకో వారం శిల్పాలు చేసేవారు దేశం నలుమూలల నుంచి వస్తారు. అందువల్ల ఒక వారం అనుభవం మరో వారానికి అచ్చంగా వర్తించదు. ఆ మార్పుల మధ్య మారకుండా ఉండి, బోధకుడికి చేదోడుగా, విద్యార్థికి అండగా నిలిచే సహాయకులలో మన పెద్దాయన ఒకరు.

నేను వెళ్లిన వారంలో మొదటి సాయంత్రం పరిచయాలు అయ్యాక బోధకుడు జాగ్రత్తలు చెబుతుండగా, పెద్దాయన ఒక్కొక్కరి పక్కన నిలబడి, వారి పిడికిలి ఎంత ఎత్తున వేలాడుతోందో చూసి, దాగళ్ల కింద చెక్క పలకలు పెట్టడం, తీయడం చేశారు. నిటారుగా నిలుచుని చేతిని కిందికి వదిలితే పిడికిలి కణుపులు తాకే ఎత్తులో దాగలి ముఖం ఉండాలన్నది కమ్మరుల పాత లెక్క. దాగలి అంతకంటే తక్కువ ఎత్తులో ఉంటే నడుము పడిపోతుంది, ఎక్కువ ఎత్తులో ఉంటే భుజం పడిపోతుంది. ఎవరూ అడగకముందే, మాట్లాడకుండా, ఆయన ఈ పని ముగించారు. మర్నాడు పొద్దున మేము పని మొదలుపెట్టేసరికి ప్రతి దాగలీ దాని ముందు నిలబడబోయే మనిషికి సరిపోయేటట్టు సిద్ధంగా ఉంది. ఆహ్వానం అంటే ఇదీ అని నాకు అప్పుడు అనిపించింది.

నిప్పు పెట్టడం నేర్పడంలో ఆయనకు సాటి రాగలవారు అరుదు. చాలామంది కొత్తవారు సుత్తి గురించే ఆలోచిస్తారు. కానీ కమ్మరంలో సగం పని నిప్పును కాపాడుకోవడమే. పచ్చి బొగ్గును నేరుగా మంట నడిబొడ్డున పోయకూడదు. చుట్టూ అంచులలో పోసి, తడిపి, పొగ వదిలిపోయి కోకుగా మారాక కొద్దికొద్దిగా లోపలికి నెట్టుకోవాలి. గాలి ఎక్కువ ఊదితే బొగ్గు వృథా అవుతుంది, పైగా మండగా మిగిలిన ఆక్సిజన్ ఇనుము మీద పొలుసులు కట్టిస్తుంది. ఇనుమును అడుగున గాలి తగిలే చోట దూర్చకుండా, నిప్పుల గుండె భాగంలో అడ్డంగా ఉంచాలి. ఈ సంగతులన్నీ పుస్తకాలలో దొరుకుతాయి. పెద్దాయన చేసినది ఏమిటంటే, మా కొలిమి దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని గాలి చప్పుడు వినమన్నారు. అడుగున చిట్టెం, అంటే కరిగిన బొగ్గు మలినాల గడ్డ, కట్టినప్పుడు ఊపిరి ఆడని మనిషిలా గాలి గొంతు మారుతుంది. ఆ మార్పు చెవికి పట్టుబడ్డాక, మంటను చల్లబడనిచ్చి చిట్టెం గడ్డను ఒక్క ముక్కగా ఎలా పైకి తీయాలో చూపించారు. ఆ వారమంతా నేను ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకునే ఉన్నాను, ఇప్పుడు కూడా నా ఇంటి వెనుక కొలిమిలో అదే చేస్తున్నాను.

జాగ్రత్తల విషయంలో ఆయన మెత్తని మనిషి కారు. ఎర్రగా కాలిన ఇనుమును ఎవరూ ముట్టుకోరు, ఎరుపు పోయి నల్లబడిన ఇనుమే చేతులు కాలుస్తుందని చెప్పేవారు. పగటి వెలుతురులో నాలుగు వందల డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న కడ్డీ కూడా చల్లని కడ్డీలాగే నల్లగా కనిపిస్తుంది. దాగలి మీద పడి ఉన్న ఏ ముక్కనైనా ఎత్తే ముందు అరచేతి వెనుక భాగాన్ని దానికి దగ్గరగా తెచ్చి వేడి తెలుసుకోవాలని ఆయన నియమం. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమి దరిదాపులకు రానివ్వరు, దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. సింథటిక్ బట్టలు నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి కనుక నూలు బట్టలే వేసుకోవాలి. రక్షణ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టినవారి దగ్గరకు వచ్చి, ఏమీ అనకుండా, వారు తిరిగి పెట్టుకునేదాకా పక్కనే నిలబడేవారు.

మా వారంలో రకరకాల మనుషులు ఉన్నారు. కాలేజీలో చేరబోతున్న కుర్రవాడు, పశువైద్యురాలు, ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులమ్మ, గుర్రపు నాడాలు కొట్టడం వృత్తిగా చేపట్టాలనుకుంటున్న యువతి. బడిపంతులమ్మకు సుత్తి బరువైంది. రెండు పౌన్ల సుత్తిని గట్టిగా బిగించి పట్టుకుని, బలమంతా పెట్టి కొడుతూ గంటలోపే అలసిపోయారు. పెద్దాయన ఆమెకు తేలిక సుత్తి ఒకటి తెచ్చి ఇచ్చి, పిడిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య వదులుగా పట్టుకుని, పైకెత్తడం వరకే మీ పని, కిందికి పడటం సుత్తి పని అని చెప్పారు. పడిన సుత్తి దాగలి మీద నుంచి తనంత తానే కొంత పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని ఉపయోగించుకుంటే చేయి సగం శ్రమే పడుతుంది. శుక్రవారం నాటికి ఆమె చేసిన ఆకుల కొమ్మ మా అందరి పనులలోకి చూడముచ్చటగా ఉంది. ఆ పొగడ్త ఆయనకు చేరినప్పుడు, ఆమె నిప్పును చక్కగా చూసుకున్నారు అని ఆమె పనిలో ఒక ప్రత్యేకమైన గుణాన్ని చూపించి చెప్పారు. బాగుంది అన్న ఒక్క మాటతో ఆయన ఎవరినీ సరిపెట్టరు. ఏది బాగుందో, ఎందువల్ల బాగుందో చెబుతారు. నేర్చుకునేవారికి దీనికి మించిన మేలు లేదు.

మొన తీయడం నేర్పిన పద్ధతి కూడా చెప్పుకోవలసినదే. గుండ్రని కడ్డీని గుండ్రంగానే సాగగొట్టి మొన తీయబోతే మధ్యభాగం వెనుకబడి, అంచులు ముందుకు సాగి, కొసన చేపనోరులాంటి చీలిక పడుతుంది. అందుకే ముందు నాలుగు పలకలుగా కొట్టాలి, మొన ఏర్పడ్డాక మూలలను కొట్టి ఎనిమిది పలకలు చేయాలి, ఆ తరువాతే గుండ్రం చేయాలి. ఈ క్రమాన్ని మేకు నుంచి కొక్కెం దాకా, కొక్కెం నుంచి పట్టుకారు పిడి దాకా అన్నిటికీ ఒకే విధంగా వాడతారు. ముదురు ఎరుపు వేడిలో మెలి పెట్టబోతే ఇనుము మొరాయిస్తుంది, పసుపు వేడిలో అదే ఇనుము మాట వింటుంది. అతుకు వేయడానికి వెలిగారం చల్లి, ఇంచుమించు తెలుపు తిరిగిన పసుపు వేడి దాకా, అంటే 1,250 డిగ్రీల పైకి, తీసుకువెళ్లాలి. ఆ పైన కొద్ది క్షణాలు ఆలస్యమైతే ఇనుము రవ్వలు చిమ్మి కాలిపోతుంది. మా అతుకులు విడిపోయినప్పుడల్లా పెద్దాయన ఆ ముక్కను తీసుకుని, విరిగిన చోట గరుకుదనాన్ని, రంగును చూపించి, వేడి చాలలేదా, మసి అడ్డుపడిందా అని మాచేతనే చెప్పించేవారు.

ఈ ఉదారత ఆయన ఒక్కరిదే కాదు, దానికి ఒక పరంపర ఉంది. ఫ్రాన్సిస్ విటేకర్ అనే కమ్మరి 1906లో పుట్టి, ఫిలడెల్ఫియాలో సామ్యూల్ యెలిన్ దగ్గర, ఆపైన బెర్లిన్‌లో జూలియస్ ష్రామ్ దగ్గర పని నేర్చుకుని, కాలిఫోర్నియాలో, కొలరాడోలో దశాబ్దాల పాటు కొలిమి నడిపారు. విద్యుత్ వెల్డింగ్ అంతటా వ్యాపించిన కాలంలో కూడా ఆయన రివిట్లు, ఇనుప పట్టీలు, కొలిమి అతుకులు మాత్రమే వాడుతూ, ఆ పద్ధతులు అడిగిన ప్రతివారికీ దాపరికం లేకుండా నేర్పారు. బ్రాస్‌టౌన్‌లో కూడా ఆయన పాఠాలు చెప్పారు. 1997లో అమెరికా ప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారం ఆయనకు లభించింది, 1999లో కన్నుమూశారు. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్‌కిన్‌లో కొద్దిమంది కమ్మరులు సమావేశమై ఉత్తర అమెరికా కళాకమ్మరుల సంఘాన్ని స్థాపించేనాటికి ఈ పని దాదాపు అంతరించే దశలో ఉంది. తెలిసిన నలుగురూ తెలియని నలభైమందికి చెప్పకపోతే విద్యే మిగలదన్న ఎరుక ఆ తరానికి ఉండేది. మన పెద్దాయన ఆ తరం వారి చేతిలో నేర్చుకున్నవారు. తన దగ్గరకు వచ్చినవారికి పెట్టే షరతు కూడా ఒకటే, ఇక్కడ నేర్చుకున్నది మరొకరికి చూపించాలి.

నేను తెలుగువాడినని తెలిశాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. మూసలో కరిగించి తయారుచేసే మన దక్షిణాది ఉక్కు ఎక్కడ దొరికేదో, మా ఊరు అక్కడికి దగ్గరేనా అని అడిగారు. అమెరికాలో కత్తులు చేసేవారిలో వూట్జ్ అని పిలిచే ఆ ఉక్కు పేరు తెలియనివారు తక్కువ. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గ్రామంలో ఆ ఉక్కు తయారయ్యేదని, దాని కోసం పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని నాకు తెలిసినంత చెప్పాను. ఆ వారమంతా విరామ సమయాలలో ఆయన మన పల్లె కొలిముల గురించి అడుగుతూనే ఉన్నారు. నాగలి కర్రులు సాగదీయడం, కొడవళ్లకు కక్కు కొట్టడం, కమ్మరి ఇంటి ఆడవారు తిత్తి ఊదడం, సమ్మెట వేయడం, పంట చేతికి వచ్చాక రైతు కమ్మరికి మేర కొలవడం, ఇవన్నీ ఆయన తన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. మన ఊళ్లలో కమ్మరం కులవృత్తిగా ఉండటం వల్ల, నాలాంటి వేరే ఇంటి పిల్లవాడు కొలిమి దగ్గర కూర్చుని చూడటానికి అడ్డు లేకపోయినా, సుత్తి చేతికి వచ్చే అవకాశం ఉండేది కాదు. అంత దూరం వెళ్లి, నా ఊరి కమ్మరుల నైపుణ్యం ఎంతటిదో ఒక అమెరికన్ పెద్దాయన గౌరవంగా విప్పి చెబుతుంటే వినడం నాకు గొప్ప అనుభవం. లారీ కమాను పట్టాను గొడ్డలిగా మార్చే మన పల్లె కమ్మరి ఏ కొలమానమూ లేకుండా, కంటితో రంగు చూసి ఉక్కుకు పదును నిలబెట్టగలడని చెప్పినప్పుడు, అదే అసలైన చదువు అని ఆయన తల ఊపారు.

ఉక్కు పదును గురించిన పాఠం ఒక పూట మాత్రమే జరిగింది. ఉక్కు కడ్డీని అయస్కాంతం అంటని వేడి దాకా, అంటే 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి, దానికి మరికొంత వేడి ఎక్కించి, నూనెలో చల్లార్చి, ఆపైన మెరుగు పెట్టి నెమ్మదిగా మళ్లీ వేడి చేస్తుంటే గడ్డి పసుపు, గోధుమ, ఊదా, నీలం రంగులు వరుసగా పరుగెత్తడం అందరం చూశాం. ఉలికి ఏ రంగు దగ్గర ఆపాలి, స్ప్రింగుకు ఏ రంగు దాకా పోనివ్వాలి అన్నది ఆ పూటలో తెలిసింది. ఆసక్తి ఉన్నవారు దీనికోసమే ప్రత్యేకంగా ఉన్న వారాన్ని ఎంచుకోవాలి.

అందరికీ ఈ శిక్షణ నచ్చుతుందని నేను అనను. మొదటి వారంలోనే మెరిసే కత్తి చేసుకుని ఇంటికి తీసుకుపోవాలని వచ్చేవారికి పెద్దాయన పద్ధతి నెమ్మదిగా తోస్తుంది. ఒకే కొక్కెం మళ్లీ మళ్లీ చేయిస్తారు. ముందు రోజు చేసిన కొక్కేన్ని పక్కన పెట్టి, నేడు చేసినదానితో మీరే పోల్చుకోండి అంటారు. మా కుర్రవాడు మొదట్లో దీనికి విసుక్కున్నా, బుధవారం నాటికి ఆ రెంటి మధ్య తేడా తన కంటికే కనిపించాక ఆయన చెంత నుంచి కదలలేదు. నా దృష్టిలో ఈ నెమ్మదే ఈ శిక్షణకు ప్రాణం. ఒంటి శ్రమ మాత్రం నిజమైనది. రోజంతా నిలబడాలి, వేడి, పొగ, చప్పుడు ఉంటాయి, మణికట్టు నొప్పి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడిగి వెళ్లడం మంచిది. రుసుము, వసతి, భోజనం కలిపి చూసుకుంటే ఖర్చు తక్కువేమీ కాదు, అయితే కొలిమి, బొగ్గు, ఒక మనిషి పూర్తి శ్రద్ధ వారమంతా మనకు దక్కుతాయి కనుక నేను ఆ ఖర్చును న్యాయమైనదిగానే లెక్కిస్తాను. శాకాహారులు నమోదు చేసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పి ఉంచాలి. ఆవకాయ సీసా ఒకటి వెంట తీసుకుపోతే భోజనశాలలో కొత్త స్నేహాలు కూడా కలుస్తాయి.

అట్లాంటా నుంచి కారులో సుమారు రెండు గంటల ప్రయాణం. ఆదివారం మధ్యాహ్నానికి చేరుకుంటే వసతి చూసుకుని సాయంత్రపు పరిచయానికి తీరిక ఉంటుంది. కమ్మరపు తరగతులు త్వరగా నిండిపోతాయి కాబట్టి కొన్ని నెలల ముందే చోటు ఖాయం చేసుకోవాలి. మొదటిసారి వెళ్లేవారు పాఠ్యవివరణలో ప్రారంభ స్థాయి అని ఉన్న వారాన్నే ఎంచుకోవాలి. తోలు బూట్లు, నూలు ప్యాంటు, పొడుగు చేతుల నూలు చొక్కా, సరిపడే రక్షణ కళ్లద్దాలు, చెవులకు అడ్డు పెట్టుకునేవి తీసుకెళ్లండి. చేతి తొడుగులు సుత్తి పట్టే చేతికి వద్దని పెద్దాయన అంటారు, ఆ మాటకు కారణం మొదటి రోజే ఆయన మీ చేతిలో సుత్తి పెట్టి చూపిస్తారు. శాలలో అడుగుపెట్టగానే మీ దాగలి ఎత్తు చూసుకుంటూ ఒక వృద్ధుడు పలకలు సర్దుతూ కనిపిస్తే, మీ ఊరి కొలిమి గురించి తెలిసినంత ఆయనకు చెప్పండి. మన కమ్మరుల గురించి ఆయన దగ్గర ఇంకా చాలా ప్రశ్నలు మిగిలి ఉన్నాయి, నాకు తెలియనివి మీకు తెలిసి ఉండవచ్చు.